లేని సైరన్‌కు లేచే వీధి

నాకు కోపం ఎక్కువ. ఎవరినీ అడగక్కర్లేదు, మా ఇంట్లో గిన్నెలు చూస్తే తెలుస్తుంది, సొట్ట పడనిది ఒక్కటీ లేదు. తలనొప్పని సంగారెడ్డిలో డాక్టరు దగ్గరికి వెళితే, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, మాత్రలు రాసి, కోపం తగ్గించుకోవాలమ్మా అన్నాడు. దానికి మాత్ర లేదా అని అడిగాను. లేదన్నాడు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డంతసేపూ ఆయన మీద కోపంగానే ఉన్నాను.

అట్లా నేను మేడ మీది ఆంటీ దగ్గర చేరాను. మా ఊరు ఇంద్రేశంలో పొలాలు ప్లాట్లుగా మారాక మా వీధిలో లేచిన మొదటి మేడ ఆమెది. కోస్తా మనిషి. భర్త ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో చేసి, రిటైరైన కొన్నాళ్ళకి పోయాడు. ఆమె ఎటూ వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయింది. రోజూ తెల్లవారుతుండగా డాబా మీద చాప పరుచుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. మొదట ఒక్కతే. తరువాత మెడికల్ షాపాయన చేరాడు, ఆయన వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు, చివర నేను. అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు.

మంత్రం లేదు, దేవుడి పటం లేదు, ఉపన్యాసం లేదు. "వినండి, అంతే" అనేది ఆంటీ. "ఏది వినిపిస్తే అది. మంచిదనీ చెడ్డదనీ అనుకోకుండా, దానికి పేరు పెట్టకుండా వినండి." మొదటి వారం నాకు నా కడుపులో శబ్దాలే వినిపించాయి. తరువాత పావురాలు, హైవే మీద లారీలు, ఎవరింట్లోనో ట్యాంకు నిండి కారుతున్న నీళ్ళు. నెమ్మదిగా కోపం కూడా ఒక శబ్దంలాగానే వచ్చి పోవడం మొదలుపెట్టింది. గిన్నెలకు కాస్త ఊపిరి ఆడింది.

ఆంటీకి ఒక నమ్మకం ఉండేది. ఊరు మారాలంటే ఊరంతా ఒక్కసారి మారనక్కర్లేదట. నలుగురు నిజంగా మేలుకుంటే చాలట. "కొత్తగా బతకడం ముందు కొద్దిమందికే చేతనవుతుందమ్మాయ్. మిగిలినవాళ్ళు వాళ్ళని చూసి, తమకి తెలీకుండానే వెనకాల నడుస్తారు. ఎక్కడైనా అంతే" అనేది. ఆ కొద్దిమందిలో నేనూ ఉన్నానని వినడం నాకెంత బాగుండేదో చెప్పలేను. డాబా మీంచి తొంగిచూస్తే వీధి మొత్తం ముసుగుతన్ని పడుకుని ఉండేది. పాపం, నిద్రపోతున్నారు అనుకునేదాన్ని. కోపం తగ్గిన చోట గర్వం వచ్చి కూర్చుందని అప్పుడు తెలియలేదు.

మా వీధి ఎట్లా లేచేదో చెప్పాలి. వీధి వెనక మురికి కాలువ దాటితే ఇనుప పైపుల కంపెనీ. సగం ఇళ్ళ మగవాళ్ళు అందులోనే పని. పొద్దున్న ఆరింటికి మొదటి సైరన్, అది లేవడానికి. ఏడింటికి రెండోది, అది గేటు లోపలికి పోవడానికి. ఇంట్లో గోడ గడియారం ఉన్నా, చేతిలో ఫోనున్నా, మా వాళ్ళకి టైమంటే సైరనే. చాయ్ పొయ్యి మీద పెట్టేది సైరన్‌కి, బర్రెను పితికేది సైరన్‌కి. ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న నా బిడ్డ ఎప్పుడు పుట్టిందని పంతులు అడిగితే, "సైరనైనంక, చాయ్ పొంగే యాల్లకు" అని చెప్పింది మా అత్త. పంతులు కిక్కురుమనకుండా దాన్నే గడియల్లోకి మార్చి జాతకం రాశాడు. దసరాకి అన్ని కంపెనీల్లో మెషిన్లకి పూజ చేస్తారు. మా దాంట్లో ఒకడు షెడ్డు పైకెక్కి సైరన్‌కి కూడా పసుపు పూసి నిమ్మకాయల దండ కట్టి వచ్చేవాడు. అది కూయగానే వీధి కుక్కలన్నీ మూతులు పైకెత్తి దానితోపాటు ఏడ్చేవి. సైరన్ ఆగినా అవి ఒక పట్టాన ఆగేవి కావు.

ఆ సైరన్ నొక్కేది మా ఆయన. గేటు పక్కన టైం ఆఫీసులో డ్యూటీ, హాజరు చూడడం, సైరన్ నొక్కడం. పెళ్ళి మాటలప్పుడు పిల్లవాడేం చేస్తాడని మా నాయన అడిగితే, సైరన్ నొక్కుతాడని చెప్పారట. హత్నూరలో మక్కజొన్న వేసుకునే మా నాయనకి అది పెద్ద ఆఫీసరు పనిలాగా వినిపించింది. మా ఆయనకీ అట్లాగే ఉండేది. "నేను బొటనవేలు పెడితేనే ఊరు లేస్తది" అనేవాడు నవ్వుతూ, కానీ నవ్వులాట కాదది. పండుగనాడు కూడా ఆరింటికి పోయి నొక్కి వచ్చేవాడు. జ్వరమొచ్చినా పోయేవాడు. ఇంకొకరు నొక్కితే సైరన్ వంకరగా కూస్తుందట.

కంపెనీ మూతపడింది. ఒక పొద్దున గేటుకు నోటీసు అంటించి ఉంది, మళ్ళీ చెప్పేదాకా పని లేదని. కొంత సామాను లారీల్లో పోయింది. ఆఫీసువాళ్ళు కనబడడం మానేశారు. అయితే సెక్యూరిటీ వాళ్ళు మాత్రం అలవాటుగా సైరన్ మోగించారు. ఆ సైరన్‌ని పట్టుకుని మా మగవాళ్ళు బతికారు. సైరన్ ఉందంటే కరెంటుంది, కరెంటుందంటే కంపెనీ బతికే ఉందని. రోజూ దానికే లేచి, కంపెనీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి పోయేవాళ్ళు. గోడవారన కూర్చుని, మధ్యాహ్నం డబ్బాలు తిని వచ్చేవాళ్ళు. మా ఆయన అందరికంటే ముందు పోయేవాడు. ఇల్లు నా కుట్టు మిషన్ మీద పడింది. నా గర్వమూ కోపమూ రెండూ ఆ మిషన్ పెడల్ మీద చూపించేదాన్ని.

అట్లా కొన్ని నెలలు పోయాయి. చలికాలం వచ్చింది. ఒక పొద్దున డాబా మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాం. ఆరోజు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పక్కనున్న మెడికల్ షాపాయన ఊపిరి కూడా నాదో ఆయనదో తెలియనట్టుంది. పావురం రెక్కలు కొట్టుకుంది. ఎక్కడో లారీ గేరు మారింది. అంతలో కింద వీధి ఒక్కసారిగా లేచింది. షట్టర్లు పైకి పోయాయి, బకెట్లు నేలకు తగిలాయి, తలుపు గొళ్ళేలు తీస్తున్న చప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తింది. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో పిల్లల్ని లేపుతున్నారు. నేను కళ్ళు తెరిచాను.

సైరన్ కూయలేదు.

పక్కకు చూస్తే మెడికల్ షాపాయన కూడా కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. మిగతావాళ్ళూ అంతే. ఆంటీ మాత్రం కళ్ళు మూసుకునే ఉంది. కిందికి చూశాను. ముగ్గులు వేస్తున్న ఆడవాళ్ళు, పళ్ళు తోముతున్న మగవాళ్ళు, రోజులాగే. కరెంటు స్తంభం కింద కుక్కలు ముడుచుకుని పడుకుని ఉన్నాయి. ఒక్కటీ తల ఎత్తలేదు.

మెట్లు దిగి, ఎదురింటామెను అడిగాను. "సైరన్ అయిందా?"

"ఇప్పుడే గదక్కా అయింది. ఏమాయె, వినపడలేదా నీకు?" అంది, చీపురు ఆపకుండానే.

ఇంకొకామెను అడిగాను. ఆమె కూడా అయిందంది. పాలు పోసేవాడు అయిందన్నాడు. వాళ్ళ మొహాల్లో అబద్ధం లేదు. సాయంత్రం మెడికల్ షాపాయన గల్లా వెనకనుంచి గుసగుసగా, "నాకు చెవుల గుబిలి ఉన్నదనుకున్న చెల్లె. మందేస్కున్న గూడ. నీకు గూడ వినపడలేదా?" అన్నాడు. మరునాడు మళ్ళీ విన్నాం. అంటే, మళ్ళీ ఏమీ వినలేదు. వీధి మాత్రం లేచింది. ఆ మరునాడూ అంతే. సెక్యూరిటీవాళ్ళు ఎప్పుడు మానేశారో, కరెంటు ఎప్పుడు తీసేశారో మాలో ఎవరికీ తెలియదు. మేమూ అన్నాళ్ళు అది కూసిందనుకునే చాప మీంచి లేచాము కదా మరి.

మొదట నాకు భయం వేయలేదు, సంబరం వేసింది. ఆంటీ చెప్పిన మెలకువ ఇదే అనుకున్నాను. వీధి వీధంతా లేని సైరన్‌కి లేస్తుంటే, లేదని తెలిసింది డాబా మీది మా కొద్దిమందికే. కుక్కల సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ సంబరం కాస్త తగ్గేది, అవి ఏ ధ్యానమూ చేయకుండానే తెలుసుకున్నాయి.

ఆ వారంలోనే మా అన్న హత్నూర నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ ఊరి దగ్గర ఒక చిన్న యూనిట్ ఉంది. గేటు దగ్గర హాజరు చూసే మనిషి కావాలంటే మా ఆయన సంగతి చెప్పి ఒప్పించాడు. "సోమారం పొద్దుగాల ఎనిమిదింటికి బావ ఆడ నిలవడాలె. రాకుంటె వేరేటోన్ని తీస్కుంటరు. నేను మల్ల అడుగలేను చెల్లె, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఫోను పెట్టేసి నేను దేవుడికి దండం పెట్టాను. చాలాకాలం తరువాత పెట్టిన దండం అది.

మా ఆయనకు చెబితే అన్నం కలుపుతూ తల అడ్డంగా ఊపాడు.

"సైరన్ మోగుతుంటే వేరే నౌకరికి ఎట్ల పోత? రేపు గేటు తెరుస్తరు. నా జాగల ఇంకొకని కూసోవెడ్తరు."

"సైరన్ ఎక్కడ మోగుతుందయ్యా? ఎవలు నొక్కుతున్నరు?"

"ఎవలో నొక్కుతరు. సెక్యూరిటోళ్ళు."

"నాకు వినపడ్తలేదు."

"కండ్లు మూస్కొని కూసుంటె చెవులు గూడ మూసుకపోయినయి నీకు" అన్నాడు. పక్కనున్న గ్లాసు మీదికి నా చెయ్యి పోయింది. విసరలేదు. ఊపిరి పీల్చుకుని కూర్చున్నాను. అంతవరకూ ఎవరో నిద్రపోతున్నారని జాలిపడ్డాను గానీ, ఆ నిద్ర నా కంచం ముందు కూర్చుని ఉందని అప్పుడు తెలిసింది. సోమవారం లోపల ఆయన ఆ గేటు వదలకపోతే మళ్ళీ ఎవరూ పిలవరు. ఆ గోడవారనే ముసలివాడవుతాడు.

మరునాడు నేను డాబాకి పోలేదు. మంచం మీద లేచి కూర్చుని, నిద్రపోతున్న ఆయన్ని చూస్తూ ఉన్నాను. కిటికీలో చీకటి బూడిద రంగుకు తిరుగుతోంది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కుడిచెయ్యి మంచం పట్టె మీద ఉంది. ఉన్నట్టుండి ఆ చేతి బొటనవేలు కదిలింది. కదిలి, పట్టె మీద గట్టిగా నొక్కుకుంది. గోరు తెల్లబడేదాకా నొక్కి, ఒక పెద్ద సైరన్‌కి ఎంతసేపు కావాలో అంతసేపు అట్లాగే పట్టుకుని, వదిలింది.

పక్కింట్లో పంపు విప్పారు. ఎదురింటి గొళ్ళెం తీశారు. వీధి లేచింది.

ఆయన కళ్ళు తెరిచి, "సైరనైంది, లేవలేదా?" అని నన్నడిగాడు.

ఇన్నేళ్ళ అలవాటు, అదే టైముకి ఆయన వేలూ కదులుతుంది, అదే టైముకి అందరి నిద్రా విడుతుంది, అంతేనని ఇప్పుడు చెప్పగలను. ఆ పొద్దున మాత్రం నా పక్కన పడుకున్న మనిషి వీధి మొత్తాన్ని ఒక వేలితో లేపి, ఏమీ ఎరగనట్టు నన్ను చాయ్ అడుగుతున్నాడనిపించింది. లేచి చాయ్ పెట్టి ఇచ్చాను.

శనివారం నేనూ ఆయనతో గేటు దగ్గరికి పోయాను. ఎందుకని ఆయన అడగలేదు. గోడవారన అందరూ కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన కొలిమి దగ్గర చేసి చేసి చెవులు చాలావరకు పోగొట్టుకున్న మనిషి, ఏం చెప్పినా రెండుసార్లు చెప్పాలి. ఆయన జరిగి నాకు చోటిచ్చాడు. అందరూ షెడ్డు వైపే చూస్తున్నారు. నేనూ చూశాను. షెడ్డు మీద సైరన్ ఉండే ఇనుప గుంజ బోసిగా ఉంది. సైరన్‌ని ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు. దసరాకు కట్టిన నిమ్మకాయల దండ మాత్రం నల్లగా ఎండిపోయి గుంజకి వేలాడుతోంది.

"అటు సూడు" అన్నాను మా ఆయనతో మెల్లగా. "సైరనే లేదు."

ఆయన చూశాడు. "లోపటికి మార్చిండ్రు. బయట ఉంటే ఎత్కపోతరని" అన్నాడు.

ఎండ గోడ మీదికి వచ్చింది. కాసేపటికి, రెండో సైరన్ వేళకు, గోడవారన ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ప్యాంట్లకంటిన దుమ్ము దులుపుకున్నారు, డబ్బాలు చేతిలోకి తీసుకున్నారు, గేటు వైపు తిరిగి నిలబడ్డారు. చెవులు వినపడని పెద్దాయన కూడా వాళ్ళతోపాటే లేచాడు. గేటుకి తాళం ఉంది, తాళానికి తుప్పు పట్టింది. అందరూ దాన్నే చూస్తూ నిలబడి, మళ్ళీ ఒక్కొక్కరే కూర్చున్నారు.

అప్పుడు చూసుకున్నాను, నేనూ నిలబడి ఉన్నాను. నా చీర కుచ్చిళ్ళకి అంటిన దుమ్ము కూడా దులుపుకున్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. ఏమీ వినలేదు, వినలేదని ఒట్టేసి చెప్పగలను, కానీ ఛాతీలో ఎక్కడో సన్నగా ఏదో కూసి ఆగినట్టుంది. ఇన్ని నెలలు కూర్చుని సంపాదించుకున్నాననుకున్న మెలకువ ఆ గోడవారన ఒక్క పొద్దుటికి కూడా ఆగలేదు. అక్కడినుంచి తలెత్తకుండా ఇంటికి వచ్చాను.

సాయంత్రం ఆంటీ దగ్గరికి పోయి ఏడ్చినంత పని చేశాను. "మీరొచ్చి అందరికీ చెప్పండి ఆంటీ. మీరు చెప్తే వింటరు."

ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకు పెట్టి, "చెప్పి లేపితే ఎవరూ లేవరమ్మాయ్. లేచినట్టు నటిస్తారు, లేకపోతే తిడతారు" అంది.

"మరి ఏం చెయ్యాలె?"

"మనకెలా తెలిసింది? ఎవరైనా చెప్పారా? విన్నాం. మీ ఆయన్నీ విననివ్వు."

"ఎట్లా?"

"అది నాకేం తెలుసు? ఆయన పక్కన పడుకునేది నువ్వు" అని మళ్ళీ కత్తిపీట దగ్గరకు లాక్కుంది.

నాకు కోపమొచ్చింది. మెట్లు దిగుతూ కూడా గొణుక్కుంటూనే ఉన్నాను. కానీ ఇంటికొచ్చి రొట్టెలు చేస్తుంటే ఆ మాటే తిరిగింది.

ఆదివారం తెల్లవారుజామున మెలకువగా పడుకున్నాను. కిటికీ బూడిద రంగుకు తిరగ్గానే మంచం అటువైపుకు పోయి కింద కూర్చుని, పట్టె మీదున్న ఆయన చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. బొటనవేలు నా పిడికిట్లో పెట్టి మూశాను. ఆయన చేతికి ఇంకా ఇనుము వాసన ఉంది. కాసేపటికి ఆ వేలు కదిలింది. నేను వదల్లేదు. అది నా అరచేతిలో గింజుకుంది. ఆ వేలిలో అంత బలముందని నాకు తెలియదు, పట్టుకోలేనేమో అని భయపడ్డాను. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏమైందే? చెయ్యి ఇడువు."

"జెర ఆగు. విను."

"సైరన్..."

"రోజూ నిద్రల పట్టె మీద నొక్కుతున్నవు. ఇయ్యాల నొక్కలేదు. నీ వేలు నా చేతిలున్నది. విను."

ఆయన లేవబోయి, ఎందుకో ఆగిపోయాడు. ఇద్దరం విన్నాం. ముందు ఏమీ లేదు. గోడ గడియారం ముల్లు, ఇద్దరి ఊపిర్లు. బయట చలి. తరువాత ఎక్కడో ఒక గొళ్ళెం తీశారు. ఒక బకెట్ నేలకు తగిలింది. పంపు విప్పారు. షట్టరు పైకి పోయింది. ఒక్కొక్క చప్పుడూ వచ్చి ఇంకొకదానిలో కలిసి, వీధి మొత్తం, మొదటినుంచి చివరిదాకా, తనంతట తనే లేచింది.

ఆయన మొహం చూశాను. ఆ చప్పుళ్ళను అంతకుముందెప్పుడూ విననట్టు వింటున్నాడు. నిజంగానే విని ఉండడు. టైం ఆఫీసు పక్క షెడ్డు మీదే సైరన్, అది నొక్కేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకునేవాడు. దూది తీసి, చెవుల్లో హోరు తగ్గేసరికి ఊరు ఎప్పుడో లేచి ఉండేది. గేటు మూతపడ్డాక కూడా ఆయన చెవుల్లో సైరనే. ఇన్నేళ్ళలో ఊరు లేవడం ఆయన ఒక్కసారీ వినలేదు.

"నేను నొక్కలే గద?" అన్నాడు.

"లే."

"మరెట్ల లేచిండ్రు?"

నేను కిటికీ వైపు చూశాను.

"ఇన్నేండ్లు నేనే లేపుతున్న అనుకున్న" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మా అత్త పోయినప్పుడు తప్ప ఆయన ఏడవడం నేను చూడలేదు. గెలిచానని నాకు అనిపించలేదు. ఒక మనిషి దగ్గర ఉన్న ఒకే ఒక్క పెద్దరికాన్ని చేతిలో పెట్టుకుని నలిపేసినట్టనిపించింది. అయినా ఆ చెయ్యి వదలలేదు. ఆరోజు ఆయన గేటు దగ్గరికి పోలేదు. మధ్యాహ్నం అన్నం తిని, ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి తీసిపెట్టమన్నాడు. కంపెనీది కాదు, వేరేది అన్నాడు.

సోమవారం చీకటి ఉండగానే బస్సుకు బయలుదేరాడు. డబ్బా కట్టి ఇచ్చాను. వీధి మలుపు దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, నన్ను కాదు, వీధిని. ఇంకా ఎవరూ లేవలేదు.

నేను డాబాకి పోలేదు. వాకిట్లో గడప మీద కూర్చున్నాను. లోపల ఒకటే గుబులు. ఆయన వేలు లేకుండా, ఆయనే ఊళ్ళో లేకుండా, ఈ పొద్దున వీధి లేస్తుందా లేదా అని. అట్లా అనుకోవడం పిచ్చితనమని తెలుసు. తెలిసీ చూస్తూ కూర్చున్నాను. ఆరయింది. వీధి లేచింది, ఎప్పటిలాగే. ముగ్గులు పడ్డాయి, చాయ్ వాసనలు వచ్చాయి. కంపెనీ చొక్కాలు వేసుకున్న మగవాళ్ళు డబ్బాలతో ఒక్కొక్కరే గేటు వైపు పోయారు. హమ్మయ్య అనుకుని లోపలికి పోయి మిషన్ ముందు కూర్చున్నాను.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి బయట ఏదో మసకగా కదిలినట్టైంది. అడుగుల చప్పుడు లేదు, మాటల చప్పుడు లేదు. తల ఎత్తి చూస్తే మా గుమ్మం ముందు వాళ్ళందరూ నిలబడి ఉన్నారు. చేతుల్లో డబ్బాలు, మొహాలు నా వైపు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. ఆయన్ని పంపించేసిందని నన్ను నిలదీయడానికి వచ్చారనుకున్నాను.

పెద్దాయన ముందుకొచ్చాడు. "మీ ఆయన ఏడి బిడ్డా? ఇయ్యాల రాలే, నిన్న గూడ రాలే."

ఆయనకు వినపడాలని గట్టిగా చెప్పాను. "హత్నూరల నౌకరి దొరికింది. పొద్దుగాల పోయిండు." ఇంకా చెప్పాలి, చెప్పేయాలి అనిపించింది. గడప దాకా వచ్చి అన్నాను. "సైరన్ లేదు పెద్దయ్యా. ఎన్నడో బందైంది. గుంజ మీద ఏమీ లేదు."

వీధిలో ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఎవరైనా అరుస్తారేమో అని చూశాను. ఎవరూ అరవలేదు. కొందరు నేల చూపులు చూశారు.

"తెలుసు బిడ్డా" అన్నాడు పెద్దాయన. "పండుకున్నప్పుడు వినపడ్డట్టే ఉంటది. లేచి మొఖం కడుక్కున్నంక తెలుస్తది. నాకైతే మొదటికెల్లి వినపడదు, గేటుకాడ మీ ఆయన లేచి నిలవడితే నేను గూడ లేస్తుంటి. అందరికీ ఎరికె."

"మరి ఎందుకు కూసుంటున్నరు రోజు?"

ఆయన నా మొహంలోకి చూశాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు. "మీ ఆయన కూసున్నడని. సైరన్ నొక్కేటోడే వచ్చి కూసున్నడంటే లోపటి సంగతి ఆయనకేదో ఎరికె ఉంటదనుకున్నం. ఆయన ముంగట సైరన్ లేదని ఎట్ల అంటం?"

నాకు సిగ్గేసింది. డాబా మీద చాప పరుచుకుని, వీధిలో మేలుకున్నది మేము కొద్దిమందిమే అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. మెలకువ ఇంటింటా ఉంది. వీళ్ళందరూ ఎవరి వెనకాల నడుస్తున్నారో ఆ మనిషికి చాయ్ కాచి ఇచ్చింది నేనే, నాకే తెలియలేదు. ఆయనకూ తెలియదు. ఇప్పుడు హత్నూరలో ఎవరి పేరో హాజరులో పిలుస్తూ ఉంటాడు.

వెనకనుంచి ఒకతను గొంతు సవరించుకున్నాడు. "వదినే, హత్నూరల పనికి ఇంకొక మనిషి పడ్తడా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్కరూ గేటు వైపు చూడడం లేదు. మా అన్నకు ఫోన్ చేసి అడుగుతాను, ముందు లోపలికి వచ్చి కూర్చోండి అన్నాను. అందరూ చెప్పులు విడిచి వచ్చారు. మా వాకిలి చాలలేదు.